డోర్కస్ కంచం

“మన ఇల్లు దక్కింది కోరా!”

ఫోను పెట్టేసి మొగుడు ఎల్వుడ్ వేసిన కేకకి కోరా చేతిలోని గరిటె జారి యాపిల్ పాకంలో పడింది. కొత్త రోడ్డు ఇక ఇంటి మీదుగా పోదట! బానిసత్వాన్ని ఎదిరించిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ఇల్లని తమని ఇక్కడే ఉండనిచ్చి దీన్ని మ్యూజియం చేస్తారట! రేపు కమిటీవాళ్ళు వచ్చి సంతకాలు పెడతారట!

“కమిటీ ముందు అమ్మ ఒక్క మాట చెబితే చాలట. పారిపోయి వచ్చి ఈ గడప తొక్కిన బానిస ఎవరూ మళ్ళీ పట్టుబడలేదని. ఆ మాట మీదే ఒప్పుకున్నారట!” అన్నాడు.

పెళ్ళై రెండు నెలలైనా కాలేదు. కోరాకి ఈ ఇంట్లో అన్నీ ముద్దే! కొట్టంలో వెచ్చటి గుడ్లు ఏరడం, పాకం ఉడికేటప్పుడు ఇల్లంతా కమ్ముకునే తీపి వాసన, నమస్కారాల పని లేకుండా జిల్లా జడ్జినైనా “నువ్వు” అని పిలిచే అత్తయ్య హల్డా... ఒక్కటే ఆమెను భయపెట్టేది. రోజూ భోజనాల బల్ల మీద, నీలి అంచు విరిగిన ఒక కంచం ఎవరూ కూర్చోని కుర్చీ ముందు పెడతారు. అది పెట్టగానే పైన మెట్ల తలుపు కిర్రుమంటుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఎవరూ చెప్పరు.

ఆ పూట సంతోషంలో ఒళ్ళు మరిచిపోయింది కోరా. చేతికందిన ఆ నీలి అంచు కంచంలోనే పాకం వడ్డించి మొగుడి ముందు పెట్టేసింది!

“అయ్యో... ఎంత పని చేశావమ్మాయ్!”

హల్డా పాకాన్ని గిన్నెలోకి ఒంపేసి, కంచాన్ని గుండెకి హత్తుకుని కుర్చీలో కూలబడింది. పైన తలుపు కిర్రుమంది.

“అత్తయ్యా! నా వల్ల ఏం తప్పు జరిగింది? చెప్పండి... నేనీ ఇంటి మనిషిని కానా?” కోరా ఏడ్చేసింది.

కంచం విరిగిన అంచుని వేలితో తడుముతూ హల్డా నోరు విప్పింది.

“ఇది డోర్కస్ కంచం. మేరీలాండ్‌లో బానిసగా ఉండి పారిపోయి వచ్చిన మనిషి. మా నాయనమ్మ వాళ్ళమ్మ పేషెన్స్ ఆమెకి ఇదే బల్ల మీద అన్నం పెట్టింది. సగం తిన్నదో లేదో, పారిపోయిన బానిసల్ని పట్టుకునేవాళ్ళు వచ్చారు. డోర్కస్ మేడెక్కింది. ‘లోపల ఎవరైనా ఉన్నారా?’ అన్నారు. మావాళ్ళు అబద్ధం ఆడరు కదమ్మా... ‘ఉంది. కానీ దారి ఇవ్వను’ అని పేషెన్స్ మెట్లకి అడ్డం నిలబడింది. తోసేసి వెళ్ళారు! లాక్కుపోతున్నప్పుడు డోర్కస్ వెనక్కి తిరిగి, ‘నీ నోరు శుభ్రంగానే ఉంది తల్లీ... నా బతుకే పోయింది’ అందట!”

ఎల్వుడ్ ముఖం పాలిపోయింది. “అమ్మా... నాకెప్పుడూ చెప్పలేదే!”

“ఏమని చెప్పను నాయనా? కంచం పెట్టాం, మౌనంగా ఉన్నాం. ఊరేమో ఎవరూ పట్టుబడలేదని కథ అల్లుకుంది. మేం కాదనలేదు. మౌనం అబద్ధం కాదనుకున్నాం...”

“రేపు కూడా ఆ కథే చెప్పండి అత్తయ్యా! ఒక్క మాట! లేకపోతే ఇల్లు పోతుంది, రోడ్డొస్తుంది!” కోరా ఆమె చేతులు పట్టుకుంది.

“ఆనాడు ఒక్క అబద్ధం ఆడితే ఒక ప్రాణం నిలిచేది. ఆడలేదు. ఇప్పుడు నా గోడల కోసం ఆడమంటావా? మెట్ల మీద ఉన్న ఆ మనిషికి నేనేం సమాధానం చెప్పను?”

కోరా ఆమె చేతులు వదిలేసింది. కుట్టాలనుకున్న కొత్త కర్టెన్లు, రేపు కమిటీవాళ్ళ కోసం కోయాలనుకున్న పువ్వులు, తను కన్న కలలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి... ఆమె కంచం అందుకుని కడిగింది. తుడిచి, ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. కాస్త పాకం వడ్డించింది. తలుపు ఈసారి కిర్రుమనలేదు. ఎవరో ఆగి వింటున్నట్టు ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

“ఇల్లు పోతే పొయ్యి మోసుకుని పోదాం అత్తయ్యా,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “రేపు వాళ్ళు రాగానే వేరే గదులేవీ చూపించొద్దు. తిన్నగా ఈ బల్ల దగ్గరికే తీసుకొద్దాం. ఈ కంచం ఎవరిదో మీరు చెప్పండి. మీ గొంతు ఆగిన చోట నేను అందుకుంటాను.”