విరిగిన ఫ్రేమ్ ఎవరిది?

"మా ఆయన్ని ఎలాగైనా ఆపండమ్మా. రేపు స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టేస్తానంటున్నాడు."

మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో శౌరమ్మ ఆ ఒక్క మాటా అని కుర్చీలో కూలబడింది. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ మందుల షాపుల పైన ఉన్న ఆ చిన్న ఆఫీసు ప్రైవేట్ డిటెక్టివ్ సంపూర్ణమ్మది. చాలాకాలం ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో వాహనాల సర్వేయర్‌గా పనిచేసింది. విరిగిన ఇరుసులు, వంగిన ఛాసిస్‌లు చూసి ప్రమాదం ఎలా జరిగిందో చెప్పడం అప్పట్లో ఆమె ఉద్యోగం. అసిస్టెంట్ యేసుకుమార్ లాయర్ చదువు చదివి, కోర్టు వదిలేసి, ఆమె దగ్గర చేరాడు. అందుకు ఇంట్లోవాళ్లు తిట్టని రోజు లేదు, అతను చింతించిన రోజూ లేదు.

యేసుకుమార్ ఇచ్చిన మంచినీళ్లు తాగాక శౌరమ్మకు మాట కుదురుకుంది.

"రుచిత అనే అమ్మాయి కొండపల్లిలో సైకిల్ మీంచి పడింది కదండీ, పేపర్లో కూడా వేశారు. ఆ సైకిల్ ఫ్రేమ్ మా ఆయన అబ్రహాము చేసిందే. బండ మీద ఉండగా విరిగిపోయింది. ఆ పిల్లకి తొడ ఎముక, నడుము రెండూ దెబ్బతిన్నాయి. తప్పంతా నాదేనని ఈయన ఎస్సై గారికి చెప్పేశాడు."

"ఆయన తప్పు కాదని మీకెందుకనిపించింది?"

"అనిపించడానికి నాకేం తెలుసమ్మా? ఒక్కటే తెలుసు. విరిగిందని ఫోన్లో విన్నాడు, అంతే. ఆ ముక్కల మొహం ఇంతవరకూ చూళ్లేదు. చూడకుండానే ఒప్పేసుకున్నాడు."

సంపూర్ణమ్మ కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. "పద కుమార్, ఆటోనగర్ వెళ్దాం."

అబ్రహాము షెడ్డుకు షట్టరు మోకాలెత్తు వరకు దించేసి ఉంది. లోపల్నుంచి ఇనుము కోస్తున్న చప్పుడు. ముగ్గురూ వంగి లోపలికి దూరారు. రేకుల కింద గాలి ఆడటం లేదు. నేలంతా కోసి పడేసిన సైకిల్ ఫ్రేములు. బనీను తడిసి ఒంటికంటుకున్న అబ్రహాము చివరి ఫ్రేమును బెంచీకి బిగిస్తున్నాడు.

"అది కోసేస్తే మీకు సాక్ష్యం మిగలదు, అబ్రహాము గారూ."

"నాకు సాక్ష్యం ఎందుకండీ? నేను కాదన్నానా?"

సంపూర్ణమ్మ వాదించలేదు. బెంచీ మీది ఫ్రేమును తేరిపార చూసింది. "దీనికి సీటు లేదేం?"

అడిగింది తన పని గురించి గనక అతను జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఇది ట్రయల్స్ సైకిలండి. కాలు కింద పెట్టకుండా బండ మీంచి బండ మీదికి గెంతాలి. ఆట మొత్తం నిలబడే. అందుకే నడుం దగ్గర ఇలా పల్లంగా కిందికి దించేశాను, మోకాళ్లకు తగలకుండా. పెడల్ ఇరుసు చక్రాల ఇరుసుల కంటే ఎత్తులో పెట్టాను. వెనకభాగం మాత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. అప్పుడే చిటికెలో ముందు చక్రం పైకి లేస్తుంది. అంత పొట్టిగా చేస్తే టైరుకు చోటు చాలదు కదా, అందుకని వెనక గొట్టాల్ని లోపలివైపు ఇదిగో ఇక్కడ నొక్కుతాను." అతని వేలు గొట్టం మీది సొట్ట దగ్గర ఆగింది. "ఇలా నొక్కే దిమ్మె కూడా నేనే చేసుకున్నాను."

సంపూర్ణమ్మ నేల మీంచి ఒక గొట్టం ముక్క తీసి వెలుతురుకు అడ్డం పట్టి లోపలికి చూసింది. "అద్దంలా ఉందే."

"అతుకు లేని గొట్టమండి. హైదరాబాద్ నుంచి తెప్పిస్తాను. వేరేది ముట్టను."

"మరి తప్పెక్కడ జరిగింది?"

అబ్రహాము మొహం మళ్లీ మూసుకుపోయింది. "హ్యాండిల్ కింద బలానికి రేకు ముక్క అతకమని కోచ్ కిరీటి గారు చెప్పారు. బరువు పెరుగుద్దని నేనే వద్దన్నాను. సరిగ్గా అక్కడే విరిగిందట. గొట్టం పల్చన నా ఇష్టమే, పొట్టి నా ఇష్టమే, రేకు లేకపోవడం నా ఇష్టమే. ఎటు తిరిగినా నేనేనండి."

ఏరికోరి ఎంచుకున్న గొట్టాలన్నీ ఇప్పుడు ఆ మనిషి చుట్టూ ఊచల్లా నిలబడ్డాయని యేసుకుమార్‌కు అనిపించింది. వెళ్తూ వెళ్తూ సంపూర్ణమ్మ ఆ చివరి ఫ్రేమును శౌరమ్మ చేతికిచ్చింది. "ఇది మీ దగ్గరుంచండి. ఆయన అడిగినా ఇవ్వకండి."

విరిగిన సైకిల్ కొండపల్లి పోలీస్ స్టేషన్ వరండాలో ఉంది. కోచ్ కిరీటి అక్కడికి తనే వచ్చాడు. ముప్పై దాటని మనిషి, కళ్ల కింద నలుపు. అడగకముందే చెప్పాడు. "రేకు పెట్టమని నేను చెప్పానండి. ఆయన వినలేదు."

"సైకిల్ ఎక్కడ ఉంచేవారు?"

"మేం ప్రాక్టీసు చేసే గుట్ట కింద రూములోనండి. తాళం ఒకటి నా దగ్గర, ఇంకోటి అద్దె కట్టే జాన్ పాల్ గారి దగ్గర. ఆయన సైకిళ్ల వ్యాపారి, రుచితకు స్పాన్సరు."

సంపూర్ణమ్మ నేల మీద గొంతుక్కూర్చుని సైకిల్‌ను ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. హ్యాండిల్ కింద గొట్టం పూర్తిగా తెగిపోయింది. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న గొట్టాలు నున్నగా, తిన్నగా ఉన్నాయి. చైను నల్లబడి పాతదిగా ఉంది గాని, అందులో రెండు లింకులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి.

"కుమార్, విరిగిన గొట్టంలో వేలు పెట్టి చూడు."

యేసుకుమార్ పెట్టి వెంటనే లాక్కున్నాడు. వేలి మీద సన్నని గీరుడు. "లోపల ఏదో గట్టులా పొడుగునా ఉంది మేడమ్."

"ఊఁ," అంది ఆమె.

ఆసుపత్రిలో రుచిత కాలు తాడుకు వేలాడుతూ ఉంది. పక్కకు తిరగడానికి లేదు. పైకప్పు వైపే చూస్తూ మాట్లాడింది.

"మా ఊరు కూచిపూడి దగ్గరండి. అమ్మకి బాగోలేదంటే వెళ్లి, పండక్కని ఇంకొన్నాళ్లు ఉండిపోయాను. తిరిగొచ్చిన రోజే ఇది జరిగింది. ముందు చక్రం లేవనే లేవదే! ఇంటి దగ్గర తిని ఒళ్లు పెంచానేమో అనుకున్నాను. బ్రేకులు, హ్యాండిల్ అన్నీ నాకు అలవాటైనట్టే ఉన్నాయి."

"ఆ పెద్ద బండ ఎందుకెక్కావమ్మా?"

"జాన్ పాల్ అంకుల్ షాపు యాడ్ కోసం వీడియో తీయించారండి. పెద్ద బండ ఎక్కితేనే చూట్టానికి బావుంటుందన్నారు. కిరీటి సార్ వద్దన్నారు, వానకి జారుతుందని. నేనే వినలేదు." ఆమె చెంప తుడుచుకుంది. "అబ్రహాం అంకుల్ ఒక్కసారీ రాలేదు. నా మీద కోపమా అండీ?"

జాన్ పాల్ షాపు గవర్నర్‌పేటలోనే. ఆయన మాట కరుకు. "అవునండీ, ఆ ఫ్రేమ్ డిజైన్ నాకివ్వమని అబ్రహాముని అడిగాను. ఇవ్వనన్నాడు. గొడవ పడ్డాం. అందుకని పిల్లని చంపుకుంటానా?"

"వీడియో చూపించండి."

ఫోన్లో రుచిత పెద్ద బండ ముందు నిలబడి, ముందు చక్రం ఎత్తబోయి రెండుసార్లు విఫలమైంది. మూడోసారి ఎగిరింది. పెద్ద చప్పుడు. యేసుకుమార్ మొహం తిప్పుకున్నాడు. సంపూర్ణమ్మ మాత్రం పడినచోటు వదిలేసి, మొదటికి జరిపి, వెనక టైరు బండను రాసుకున్న క్షణం దగ్గర ఆపింది. టైరు కింద నుంచి సన్నగా దుమ్ము లేస్తోంది.

బయటికొచ్చాక యేసుకుమార్ ఆగలేకపోయాడు. "ఈయనే మేడమ్! రూము తాళం ఉంది, గొడవ ఉంది, ఎక్కమని బలవంతం చేసిందీ ఈయనే."

"నిజమే, మూడూ ఉన్నాయి," అంది సంపూర్ణమ్మ. "ఎస్సై గారికి ఫోన్ చెయ్. రేపు సంతకం స్టేషన్లో కాదు, ఆసుపత్రిలో అని చెప్పు. అందరూ అక్కడికే రావాలి."

మర్నాడు ఉదయం ఆ గదిలో నిలబడ్డానికే చోటు కష్టమైంది. మంచం మీద రుచిత, కిటికీ దగ్గర జాన్ పాల్, తలుపుకు ఆనుకుని కిరీటి, పక్కన ఎస్సై. అబ్రహామును శౌరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అతను మంచం వైపు తలెత్తి చూడలేకపోయాడు. మధ్యలో బల్ల మీద విరిగిన ఫ్రేము, దాని పక్కన శౌరమ్మ దాచిన ఫ్రేము.

"అబ్రహాము గారూ, ముందు ఇది చూడండి," అంది సంపూర్ణమ్మ.

"వద్దండీ."

"మీరు చూడకపోవడమే ఇంతదూరం తెచ్చింది. సరే, నేను చెప్తాను. పాత చైనులో రెండు కొత్త లింకులున్నాయి. చైను ఊరికే పొడుగవదు. పెడల్‌కీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగితేనే లింకులు కలుపుతారు. అంటే రుచిత ఊళ్లో లేనప్పుడు సైకిల్ వెనకభాగం పొడుగైంది. అందుకే ముందు చక్రం లేవలేదు, ఆ అమ్మాయి ఒళ్లు పెరిగి కాదు."

రుచిత కళ్లు పైకప్పు మీంచి కదిలాయి.

"ఎందుకు పొడుగైంది? అబ్రహాము గారు టైరు కోసం గొట్టాన్ని నొక్కుతారు. ఆ దిమ్మె ఆయన దగ్గర తప్ప లేదు. నొక్కడం చేతకానివాడు టైరు పట్టించాలంటే గొట్టం పొడుగు చెయ్యక తప్పదు. ఈ విరిగినదాని గొట్టాలు తిన్నగా ఉన్నాయి, సొట్ట లేదు. ఇక గొట్టం లోపల వేలు పెడితే అతుకు తగులుతుంది. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే గొట్టం. పైన రంగూ స్టిక్కర్లూ ఒకటే, చక్రాలూ బ్రేకులూ పాతవే తీసి బిగించారు. ఇది నకలు. అసలు ఫ్రేమును తీసేసి దీన్ని పెట్టారు."

జాన్ పాల్ మొహం ఎర్రబడింది. "నా వైపు చూస్తారేంటండీ?"

"అందరూ మీ వైపే చూస్తారు, ఎక్కమన్నది మీరు గనక. కానీ ఆలోచించండి. ఆ ఫ్రేమ్ నకలని తెలిసినవాడు కెమెరా పెట్టి, తన షాపు పేరుతో దాన్ని పెద్ద బండ ఎక్కిస్తాడా? ఎక్కమన్నవాడికి ఏమీ తెలియదు. తెలిసినవాడు ఎక్కొద్దంటాడు." ఆమె తలుపు వైపు తిరిగింది. "వానకి జారుతుందన్నారు మీరు, కిరీటి గారూ. వీడియోలో టైరు కింద దుమ్ము లేస్తోంది. ఎండిన బండ మీదికి వద్దనడానికి మీకున్న కారణం ఏంటి?"

కిరీటి అటూ ఇటూ చూశాడు. వెనక తలుపు, పక్కన ఎస్సై.

అబ్రహాము అప్పుడు బల్ల దగ్గరికి వచ్చాడు. విరిగిన గొట్టంలో వేలు పెట్టాడు. లోపలి గట్టు వెంబడి నెమ్మదిగా జరిపి, ఆ వేలిని చూసుకున్నాడు. కిరీటితో మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం లేదు. తప్పిపోయిన పిల్లవాడి గురించి అడుగుతున్నట్టుంది.

"మరి నాది ఏది సార్?"

కిరీటి గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు.

"పుణేలో ఉందండి. ఒక సైకిల్ కంపెనీలో డిజైనర్‌గా తీసుకుంటామన్నారు. ఆ డిజైన్ నాదేనని చెప్పాను. ఫ్రేమ్ పంపి చూపించమన్నారు. రుచిత వచ్చేలోగా తిరిగొచ్చేస్తుందనుకున్నాను. రూములో ఖాళీగా కనపడకూడదని గేట్లు చేసేచోట ఇది చేయించి పెట్టాను. అది రాకముందే ఆమె వచ్చేసింది. చిన్న బండలకైతే తట్టుకుంటుందిలే అనుకున్నాను..."

"మా ఆయన తప్పు నాదన్నప్పుడైనా చెప్పలేదే!" శౌరమ్మ అరిచింది.

"చెబుదామనే మొదట్లో స్టేషన్‌కెళ్లానండి. అప్పటికే ఆయన ఒప్పేసుకున్నారు. ఇక నోరు రాలేదు."

"ఫ్రేమ్ తెప్పించు," అన్నాడు ఎస్సై.

కిరీటి తల దించుకున్నాడు. "రాదండి. లోపల ఎలా చేశారో చూడ్డానికి మధ్యకి కోసేశారట."

అబ్రహాము బల్ల మీది తన ఫ్రేమును దగ్గరికి లాక్కున్నాడు. ఎస్సై కిరీటి భుజం పట్టి లేపాడు. వాళ్లు గుమ్మం దాటబోతుండగా మంచం మీంచి రుచిత పిలిచింది.

"సార్."

కిరీటి ఆగాడు.

"వాన వంక ఎందుకు సార్? ఫ్రేమ్ నకిలీదని ఒక్క మాట అనుంటే దిగిపోయేదాన్ని. మీ మీద కోపం వచ్చేది. అంతేగా?"

అతను ఎస్సై వెంట వరండాలోకి వెళ్లిపోయాడు.

జాన్ పాల్ కూడా బయటికి నడిచాడు. సంపూర్ణమ్మ యేసుకుమార్‌కు సైగ చేసింది. తలుపు దగ్గరగా వేస్తూ అతను వెనక్కి చూశాడు. అబ్రహాము మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రుచిత చెయ్యి చాపి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ పెద్దమనిషి అన్నాళ్లూ ఆపుకున్నదంతా అప్పుడు, భార్య చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చేశాడు.