ఆ ట్యూబులో ఎవరి రక్తం?

కుట్టుపని చేసుకునే ఆవిడ కుక్కను చంకనెత్తుకుని డిటెక్టివ్ ఆఫీసులోకి రాగానే అక్కడి అసిస్టెంటు కుర్చీ ఎక్కినంత పని చేశాడు. కుక్కలంటే అతనికి గుండెదడ. డిటెక్టివ్ మాత్రం ఆవిడను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

మూడు రోజుల కిందట ఆవిడ తమ్ముడు కుక్కను రక్తపరీక్షకని పశువుల ఆసుపత్రిలో వదిలి, సాయంత్రం వెనక్కి తెచ్చాడు. కాన్సర్ అనుమానం ఉందని నిన్న రిపోర్టు వచ్చింది. ఈరోజు నాలుగింటికి పొట్ట కోసి చూస్తారట. దానికి పన్నెండేళ్లు, గుండె బలహీనం. మత్తిస్తే మళ్లీ లేస్తుందని డాక్టరే గట్టిగా చెప్పలేకపోతున్నాడు.

"మా తమ్ముడికి ఇదంటే గిట్టదండీ. వాడేమైనా చేశాడేమోనని భయంగా ఉంది," అందావిడ.

డిటెక్టివ్ కుక్కను పట్టుకోమన్నాడు. అసిస్టెంటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పట్టుకున్నాడు. కాళ్లమీద, మెడమీద వేలెడు పొడవు బొచ్చు, ఎక్కడా కత్తెర పడలేదు. వెంటనే అందరూ ఆసుపత్రికి బయల్దేరారు. తమ్ముణ్ణీ అక్కడికే పిలిపించారు.

తమ్ముడు నేలచూపులు చూస్తుంటే దొంగ దొరికాడనుకున్నాడు అసిస్టెంటు. డిటెక్టివ్ అతణ్ణి వదిలేసి కాంపౌండరు వైపు తిరిగాడు. కాంపౌండరు బల్ల కింద అతని సొంత కుక్క పడుకుని ఉంది. దాని ముందుకాలి మీద బొత్తామంత మేర బొచ్చు లేకుండా నున్నగా ఉంది.

"రక్తం ఎలా తీస్తారు?"

"బొచ్చు గొరిగి, నరం చూసుకుని తీస్తామండీ."

డిటెక్టివ్ డాక్టరుతో సహా అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. "రిపోర్టు తప్పు కాదు. ట్యూబు మీద పేరు తప్పు. గొరిగిన బొచ్చు మూడు రోజుల్లో వేలెడు పెరగదు. ఈవిడ కుక్క ఒంట్లోంచి చుక్క రక్తం కూడా తియ్యలేదు. తీసింది ఆ బల్ల కింద ఉన్నదానికి."

కాంపౌండరు ఒప్పుకున్నాడు. నెలరోజులుగా తన కుక్క తిండి ముట్టడం లేదు. రెండుసార్లు చూపించినా డాక్టరు హడావిడిగా చూసి, ముసలితనమని కొట్టిపారేశాడు. ల్యాబు నుంచి పరీక్ష కిట్టు ఒక్కటే వచ్చింది. ఏమీ లేదని తేలితే మనసు కుదుటపడుతుంది, ఆవిడ కుక్కకు మళ్లీ తెప్పిద్దాం అనుకున్నాడు. తీరా ఆ రిపోర్టు చూశాక నిజం చెప్పడానికి భయపడ్డాడు.

"కోసేలోపు చెప్పేద్దామనే ఉన్నానమ్మా," అన్నాడు.

ఆవిడ తన కుక్కను గుండెకు హత్తుకుంది. కోపం వచ్చింది, ప్రాణం లేచొచ్చింది, అలా లేచొచ్చినందుకు సిగ్గూ వేసింది. ఇంటికి పోకుండా అక్కడే కూర్చుంది.

డాక్టరు నేలమీద కూర్చుని, కాంపౌండరు కుక్క పొట్టను ఈసారి నెమ్మదిగా తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగిపోయింది.

"గడ్డ ఉందాండీ?" అన్నాడు కాంపౌండరు.

"ఉంది. చిన్నదే," అన్నాడు డాక్టరు తలెత్తకుండా. "నువ్వు చెప్పినప్పుడే నేను వినుండాల్సింది."