ఐదో గాటు

గ్రస్తాస్తమయం...!

రాహువు నోట చిక్కిన సూర్యుడు విడుపు చూడకుండానే కొండల వెనక్కి కుంగిపోయే ఘోర ఘడియ అది! దీపావళి మరునాటి ఆ సాయంసంధ్యలో పడమటి ఆకాశం పచ్చి పుండులా ఎర్రబారింది. తూర్పున అకాల మేఘాలు ఉరుముతున్నాయి. రాత్రింబవళ్ళు దడదడలాడే సిరిసిల్ల సాంచాలు సైతం గ్రహణానికి జడిసి నోరు మూసుకున్నాయి. ఆ మరమగ్గాల చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పెళ్ళాంతో పోట్లాడి, ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయే సాంచాల ఆసామి మహిపాల్‌కు ఆ నిశ్శబ్దం పడలేదు. కారు ఊరు దాటి కొడిమ్యాల గుట్టల దారి పట్టినా అతని మనసు కుదురుగా లేదు, చెయ్యి కుదురుగా లేదు.

వెనక సీట్లో భార్య కల్యాణి. ఆమె పక్కన కూతురు నవ్య... మెడ బిగబట్టి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, కనిపించని దేన్నో పట్టుకుని కూర్చుంది! కాలేజీకి పోయే పిల్ల గొంతులోంచి ఎవరిదో ముసలి మూలుగు...

“మోపు దించుండ్రి... ఎవలన్న నా మోపు దించుండ్రి...”

డిక్కీలో, శాలువాలో చుట్టిన తుపాకీ ఉంది.

దాని సంగతి ముందు చెప్పాలి. వందేళ్ళ నాడు ఇంగ్లండులో తయారైన వేట తుపాకీ అది. అక్రోటు కట్టె, నీలి నిగారింపు తేలిన గొట్టం... బోల్టు పిడి లేపి వెనక్కి లాగితే వెన్నలో వేలు జారినట్టు జారేది. దొరలు గడీలు వదిలి పట్నం పారిపోయిన రోజుల్లో మహిపాల్ తండ్రి దాన్ని కొన్నాడు. తండ్రి తర్వాత లైసెన్సు కొడుకు పేరుకు మారింది. మహిపాల్ దానితో పిట్టను కూడా కొట్టి ఎరగడు. కొట్టడానికి కాదు, చూసుకుని మురిసిపోవడానికే అది! ఆదివారం వచ్చిందంటే అతనికి గుడి లేదు, చుట్టం లేదు... మంచం మీద గుడ్డ పరిచి, బోల్టు ఊడదీసి, గొట్టంలోంచి నూనె పేలిక లాగి, ఒక కన్ను మూసి వెలుతురులోకి పెట్టి చూసేవాడు. లోపలి మెలికల గాడులు తళతళలాడితేనే అతనికి ముద్ద దిగేది. “గొట్టంల దూది పోగు సుత మిగులొద్దు కొడుకా. అడ్డముంటే తుపాకి పట్టినోన్నే తింటది” అన్న తండ్రి మాట అతనికి వేదవాక్కు. ఎన్నికలొచ్చి తుపాకీని ఠాణాలో అప్పగించాల్సి వస్తే, అది తిరిగి వచ్చేదాకా ఇంట్లో అందరి మీదా చిటపటలే. “నేను తల్లిగారింటికి వోతె ఎన్నడు గింత బెంగ పెట్టుకోలే నువ్వు” అని కల్యాణి దెప్పేది.

కట్టె మీద వరుసగా ఐదు గాట్లు. దొర కొట్టిన పులుల లెక్క అని తండ్రి చెప్పాడు. నాలుగు లోతుగా, నిలువుగా ఉండేవి. ఐదోది మాత్రం చిన్నది, వంకరది. మహిపాల్ వాటన్నింటికీ అవిసె నూనె పట్టించి బొటనవేలితో రుద్దేవాడు. ఐదోదాన్ని మరికాస్త ముద్దుగా రుద్దేవాడు... పాపం, అది పులిపిల్లది కాబోలునని!

మొన్న దసరా నాడు ఆయుధపూజలో బొట్టు పెడుతుంటే నవ్య వేలు ఆ ఐదో గాటుకు తగిలింది. అంతే! కెవ్వున కేక... కళ్ళు తేలిపోయాయి... చేతులు నెత్తి మీదికి లేచాయి! ఆ రోజు నుంచి పిల్లకు కూడు లేదు, కునుకు లేదు. పొద్దు వాలితే చాలు, బరువు మోస్తున్నట్టు వంగి వంగి ఇల్లంతా తిరిగేది. డాక్టర్లు సూదులు వేశారు, స్కానింగులు తీశారు. పిల్ల మాత్రం చేతి గాజులు జారిపోయేంతగా చిక్కిపోయింది.

“గామె ఎవలో గని, నెత్తి మీద బరువున్నదయ్యా గామెకు” అంటూ కల్యాణి ఒక సాయంత్రం కూతురి తల మీదికి చేతులు చాచింది. చేతులకు గాలే తగిలింది. “నీకు సుత పిచ్చి లేసిందా?” అని మహిపాల్ కసిరాడు.

అప్పుడు దిగాడు, పిల్ల సంగతి విని, కోరుట్ల నుంచి మల్హర్‌రావు... తుపాకీ అమ్మిన దొర మనవడు! తెల్లని బట్టలు, మెడలో స్ఫటికాల దండ, నోటి నిండా తేనె.

“మా తాత కొట్టిన ఆడపులి గా తుపాకిల ఉన్నది మహిపాల్. గ్రహణం నాడు మా పాత గడీల ఆ తుపాకి ఆకాశానికి ఒక్కపారి పేలాలె. పులి ఎల్లిపోతది, నీ బిడ్డ బతుకుతది. తుపాకి మాత్రం నాకిడిసిపెట్టు.”

ఆ రాత్రి మహిపాల్ కూతురి గది నుంచి తుపాకీ బీరువాకు, బీరువా నుంచి కూతురి గదికి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తెల్లవారాక తుపాకీని శాలువాలో చుట్టాడు. చుట్టేటప్పుడు ఏడ్చాడు కూడా.

అదిగో గడీ...! కప్పు కూలి, గోడలు నెర్రెలు విచ్చి, ముళ్ళ కంపలో మునిగిన పాడు కొంప! గ్రహణపు చీకటిని రాత్రి అనుకున్న గుడ్లగూబలు శిథిల కమానుల్లోంచి ఘూంకరిస్తున్నాయి. “తల్లి లోపలికి రావద్దు” అని ముందే చెప్పాడు మల్హర్‌రావు. కల్యాణి కారు దగ్గరే ఆగిపోయింది. మహిపాల్ కూతురినీ తుపాకీనీ తీసుకుని లోపలికి నడిచాడు.

నడిమి వాకిట్లో పసుపు, రక్తం కలిపి వేసిన భయంకర చక్రం! దాని మధ్య ఎర్రగుడ్డ మీద నిమ్మకాయలు, నల్లకోడి తల, ఒక మనిషి పుర్రె...! తెల్లబట్టలు విడిచి, ఒళ్ళంతా బూడిద పూసుకున్న మల్హర్‌రావును చూసి మహిపాల్ గుండె ఝల్లుమంది. వెనక్కి తిరగబోయాడు. “స్తంభయ... స్తంభయ... ఫట్!” పిడికెడు భస్మం మొహాన పడింది! కాళ్ళూ చేతులూ కొయ్యబారాయి. నోరు ఒక్కటే మిగిలింది.

మాంత్రికుడు తుపాకీ లాక్కుని, పుర్రె నుంచి ఒక ఎముక తునక విరిచాడు. దానికి తలవెంట్రుకలు చుట్టి, తుపాకీ మూతిలోంచి గొట్టంలోకి దూర్చి ఇనుప చువ్వతో దిగగొట్టాడు. మీద కరిగిన లక్క పోసి బిగించాడు. ఆ తర్వాత బోల్టు లాగి, మహిపాల్ తెచ్చిన తూటాను ఎక్కించాడు.

“పులి గాదు మహిపాల్, పులి గాదు!” వికటంగా నవ్వాడు. “కొమురవ్వ! కట్టెల మోపెత్తుకొని మా అడవిల నడిసిపోతుంటే, తుపాకి గురి సూసుకుందామని మా తాత కొట్టిండు. ఆత్మను గా తుపాకిలనే బంధించిండు. గీ పుర్రె గామెదే. గామె మా కాలికింద ఉన్నన్ని రోజులు మాకు ఎదురే లేకుండె. తుపాకి పాయె, బలం పాయె! ఇప్పుడు బంధనం వదులైంది. గట్టిగ బిగియ్యాల్నంటే ఇంకో ఆడదాని నెత్తురు గావాలె... గదే తుపాకితోని, గీ గ్రహణంలనే!”

తుపాకీ మూతి నవ్య గుండెకు తిరిగింది...!

మహిపాల్ బొటనవేలు నిప్పు తగిలినట్టు భగ్గుమంది. ఏళ్ళ తరబడి ముద్దుచేసి నూనె పట్టించిన గాటు... కట్టెలమ్ముకుని బతికే ఒక తల్లి ప్రాణం! బిడ్డకు అడ్డంగా దూకాలని గింజుకున్నాడు. ఒళ్ళు కదలలేదు. కానీ అన్ని ఆదివారాల అలవాటు ఊరికే పోతుందా! అతనికి తెలియకుండానే గొంతులోంచి కేక తన్నుకొచ్చింది.

“పేల్చకు రావు సాబ్! గొట్టం మూసుకపోయింది! పగుల్తది... నువ్వే సస్తవ్!”

“బిడ్డ పానం కోసం మంచి అబద్ధమే దొరికింది నీకు!”

తాత నుంచి అతనికి మంత్రం వచ్చింది గానీ తుపాకీ రాలేదు. దాన్ని ఒక్కనాడైనా విప్పి తుడిచిన చేతులు కావవి.

ఫెళఫెళమని పిడుగు పడింది! నవ్య కదిలింది... నెత్తి మీది బరువుకు వంగి, ఒక్కో అడుగే వేస్తూ, రక్తపు చక్రాన్ని తొక్కుకుంటూ అతనికి ఎదురు నడిచింది!

“కొట్టు దొరా... ఆనాడు మీ తాత ఎనుకనుంచి కొట్టిండు. నువ్వు నా మొకం సూసి కొట్టు.”

మల్హర్‌రావు పెదవుల మీద మంత్రం తడబడింది. మొదటిసారి అతని కళ్ళల్లో బెదురు కనిపించింది. తుపాకీ దించబోయాడు... చేతులు దిగలేదు! బండరాయి మోస్తున్నట్టు మోకాళ్ళు వణికాయి, మెడనరాలు తేలాయి.

“బరువు...! దించుండ్రి...! ఎవలన్న దించుండ్రి...!” అని ఈసారి అతనే మొత్తుకున్నాడు.

అడవిలో ఆనాడు ఆ కేక విన్నవాడు లేడు. ఈనాడు విన్నవాడు కదలలేడు. ట్రిగ్గర్ మీది వేలు తనంతట తానే బిగుసుకుంది. పడమట ఆఖరి ఎర్రని తునక కొండ వెనక్కి జారింది...

ఢాం...!

గడీ గోడలు దద్దరిల్లాయి. గుడ్లగూబలు చెల్లాచెదురుగా లేచిపోయాయి. పొగ విచ్చేసరికి తుపాకీ గొట్టం అరటిదొప్పలా చీలి ఉంది. అక్రోటు కట్టె ఐదో గాటు దగ్గర రెండు ముక్కలైంది. పుర్రె బూడిదగా రాలిపోయింది. పగిలిన ఇనుము ముఖాన దిగబడిన మాంత్రికుడు తన చక్రంలోనే వెల్లకిలా పడి ఉన్నాడు. అతనిలో ఊపిరి లేదు.

మహిపాల్ ఒంట్లోకి కదలిక వచ్చింది. చప్పుడు విన్న కల్యాణి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నవ్య ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ చేతులు ఇంకా నెత్తి మీదే ఉన్నాయి.

“మోపు... బిడ్డా... మోపు...”

“పట్టయ్యా!” అంది కల్యాణి. “నువ్వు గా పక్క పట్టు!”

ఈసారి మహిపాల్ కసరలేదు. కూతురి తల మీదికి రెండు చేతులూ చాచాడు. చేతులకు గరుకైన కట్టెలు తగిలాయి! పచ్చి కట్టెల బరువు... భుజాలు పీకేసే బరువు! ఆలుమగలిద్దరూ చెరో పక్క పట్టి, మూలుగుతూ మెల్లగా నేలకు దించారు. ఏమీ లేని నేల మీద కట్టెలు కూలిన చప్పుడైంది.

నవ్య తల్లి భుజం మీదికి ఒరిగింది. “అమ్మా... ఆకలైతాంది” అంది తన సొంత గొంతుతో. వాకిటి ఆ చివర ఒక ముసలామె నీడ మెడను అటూ ఇటూ తిప్పుకుని, నడుము నిటారుగా చేసుకుని, ఉత్త చేతులతో అడవి వైపు నడిచిపోయింది.

మహిపాల్ అరచేతులు చూసుకున్నాడు. ముళ్ళు గీరుకుని నెత్తురు చిమ్ముతున్నాయి.

“గింత బరువా...” అన్నాడు. కాలి పక్కనే ముక్కలై పడి ఉన్న తుపాకీ వైపు అతను కన్నెత్తి చూడలేదు.