అత్తమ్మ రోజా

పొద్దున్నే జుబేదా ఇన్సులిన్ సూది పట్టుకుని వచ్చేసరికి అత్త హుసేన్‌బీ చేయి చాపింది.

"ఇయ్యాలొక్కరోజే బిడ్డా. రేపటి సంది నేను రోజా ఉంట" అంది నిమ్మళంగా.

జుబేదా సూది వేసి దూది అదిమింది. సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాటి నుంచే రంజాన్. చేవెళ్ల దారిలోని హిమాయత్‌నగర్ ఊళ్లో ఉన్న ఆ చిన్న ఇంటికి సున్నం వేశారు, దుప్పట్లు ఉతికారు. కానీ జుబేదాకు వారంగా కంటిమీద కునుకు లేదు. నెల కింద అత్త షుగర్ పడిపోయి పొయ్యి దగ్గరే ఒరిగిపోతే, ఆటోలో చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లారు. ఉపవాసం ఊసే ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మామ పోయి ఇంకా ఏడాది నిండలేదు.

భర్త జానీ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు తోటపనికి బయలుదేరుతున్నాడు. ఆమె అతని వంక చూసింది.

"అమ్మకు నువ్వే చెప్పు. నా మాట ఇనదు" అని తలవంచుకుని వెళ్లిపోయాడు.

పగలంతా జుబేదా చేతులు పనిలో, ప్రాణం అత్త మీద. పొద్దు వాలుతుంటే ఇక ఆగలేకపోయింది.

"అత్తమ్మా, నీకేమన్న అయితే మేమెట్ల బతకాలె? పోయినేడు పానం బాగలేని మామను రోజా ఉండొద్దని నేనే కొట్లాడిన. ఆయన అదే ఫికర్‌తోని పోయిండు. అందుకే గద నువ్వు నాతోని సరిగ్గ మాట్లాడుతలేవు? నా మీది కోపం నీ పానం మీద తీసుకోకు."

హుసేన్‌బీ ఖర్జూరాల పళ్లెం కింద పెట్టింది.

"నీ మీద కోపమా, పిచ్చిదానా! నువ్వు చెప్తే ఆయన ఇన్నడా? నా చేతులు పట్టుకొని 'ఉండనీయే' అని అడిగిండు. ఉండొద్దని నేనే ఒట్టు పెట్టిచ్చిన. ఆయన ఇడిసిన రోజాలన్నీ నా మెడకు సుట్టుకున్నయి. అవి నేను తీర్చాలె. ఈ సంగతి నీకు చెప్పలేక, నీ మొహం చూద్దామంటే నాకే సిగ్గైతుంది."

జుబేదా అత్త ఒళ్లో తల పెట్టి భోరుమంది. ఇన్నాళ్లూ ఆ మౌనాన్ని తన మీద నిందే అనుకుంది.

"మౌల్వీ సాబ్‌ను అడిగొచ్చిన అత్తమ్మా. రోగమున్నోళ్లు ఒక్కో రోజాకు ఒక పేదోని కడుపు నింపితే చాలంట. మామ పేరు మీద గూడ పెట్టొచ్చంట. నేను వండుత, నువ్వు పెట్టు."

హుసేన్‌బీ ఖర్జూరాల పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుంది. కాసేపటికి చాంద్ కనబడిందని మసీదు మైకులో చెప్పారు.

మర్నాడు తెల్లారకముందే తినే సహరీకి అందరికన్నా ముందు లేచి రొట్టెలు చేసింది హుసేన్‌బీయే. ఫజర్ అజాన్ అయిపోయింది, రోజా మొదలైంది. అత్త రోజా పట్టిందో లేదో తెలియక జుబేదా పొయ్యి దగ్గరే తచ్చాడింది.

బాగా తెల్లారాక హుసేన్‌బీ తనే పళ్లెంలో రొట్టె పెట్టుకుని కూర్చుంది. ముక్క తుంచింది గానీ నోటి దాకా పోలేదు.

"రోజా ఉన్న పిల్ల ముంగట ఎట్ల తినాలె?"

జుబేదా ఆ ముక్క అందుకుని అత్త నోటికి పెట్టింది. హుసేన్‌బీ కళ్లు మూసుకుని, చెంపల మీద నీళ్లు కారుతుండగానే నమిలి మింగింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దుగూకినంక ఇఫ్తార్‌కు పక్కగల్లీల తిండికి లేక ఒంటరిగుండే బడేమియాకు అన్నం పంపుదాం. ఖీమా వండు బిడ్డా. మీ మామకు మస్తు ఇష్టం."