పన్నెండో ట్రాక్ ఎవరిది?

అతనికి చెప్పే సందర్భం రాలేదేమో, లేదా చెప్పకుండా ఉండటమే తన స్వభావమైపోయిందేమో. పళ్ళు తోముకున్నట్టు, రోజూ తప్పకుండా చెప్పకపోవడం. అసలు తను అబద్ధమాడింది ఎక్కడ? ఎవరైనా అడిగినప్పుడు భుజాలెగరేశాడు, అంతే. భుజాలకు కూడా సాక్ష్యం చెప్పే బాధ్యత ఉంటుందని తొమ్మిదేళ్ళ కిందట ఎవరనుకున్నారు?

"వింటున్నావా, లేదా?" ఎదురుగా కూర్చున్న ఆమె అడిగింది.

వింటున్నాడు. వినడమే అతని ఉద్యోగం. ఈ చిన్న మ్యూజిక్ లేబుల్ విడుదల చేసే ప్రతి ట్రాక్‌నూ ఆఖరిసారి విని, ఎత్తుపల్లాలు సరిచేసి, రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీకి పంపేది అతనే. అంతా హౌస్ మ్యూజిక్, క్లబ్బుల్లో డాన్సు చేసే రకం. మాటలు తక్కువ, అడుగులు ఎక్కువ. లేబుల్ పెట్టి పదిహేనేళ్ళయిందని పాతవాటిలోంచి పన్నెండు ఏరి, రెండు రికార్డుల కంపైలేషన్ వేస్తున్నారు. ఏరింది ఆమె. లేబుల్ వాళ్ళ అన్నయ్యది. నడిపేది మాత్రం ఆమే.

"పదకొండు మంది సంతకాలు వచ్చేశాయి. ఈ పన్నెండోవాడే నా ప్రాణం తోడేస్తున్నాడు," అందామె, ఖాళీగా ఉన్న అనుమతి పత్రాన్ని బల్లమీద కొడుతూ.

పన్నెండోవాడికి పేరు లేదు. తొమ్మిదేళ్ళ కిందట పోస్టులో ఒక డిస్క్ వచ్చింది. లోపల 'నచ్చితే వేసుకోండి' అని టైపు చేసిన చీటీ. పంపినవారి అడ్రసు లేదు. అన్నయ్య ఉత్సాహం పట్టలేక, ఎవరి సంతకమూ లేకుండానే వేసేశాడు. లేబుల్ పేరు నలుగురికీ తెలిసింది ఆ ట్రాక్‌తోనే. ఇప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు సంతకం లేనిదే ముట్టుకోమంటున్నారు.

"తీసెయ్," అన్నాడతను.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే స్పీకరు నెత్తిన పడేస్తా."

"మిగతా పదకొండు బాగానే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. పెళ్ళికొచ్చిన చుట్టాల్లా కళకళలాడుతున్నాయి. పెళ్ళికొడుకేడి?"

అతనికి పొలమారింది.

"ఏమైంది?"

"ఏం లేదు. దుమ్ము."

"నిన్న ఒకడు ఫోన్ చేసి, అది నేనే చేశానన్నాడు. టెంపో ఎంతండీ అనడిగితే, 'కొంచెం ఫాస్టే' అన్నాడు."

"పాపం. తప్పేం చెప్పలేదు."

"నవ్వకు! అసలువాడు దొరకనీ, ముందు చెంప పగలగొడతా. తర్వాత..."

"తర్వాత?"

"నీకెందుకు?"

ఆ 'నీకెందుకు'తో ఆమె మొహంలోకి ఒక మెత్తదనం వచ్చింది. అది చూసి అతనికి ఒళ్ళు మండింది. ఎవరి మీద? ఆ మెత్తదనం తనకోసమే. అయినా తనకు కాదు. పేరులేని ఆ మనిషి దగ్గడు, కాఫీ ఒలకబొయ్యడు, ఫైళ్ళు ఆలస్యం చెయ్యడు. ఎదురుగా కూర్చున్నవాడు ఇవన్నీ చేస్తాడు. నేనేనని చెప్పిన మరుక్షణం ఆమె ఆ మనిషిని పోగొట్టుకుంటుంది, తను ఆ మెత్తదనాన్ని పోగొట్టుకుంటాడు. తనమీద తనే అసూయపడే మగవాడికి వైద్యం ఎక్కడ చేస్తారో!

ఆమె ట్రాక్ మళ్ళీ పెట్టింది.

"ఇదిగో, ఈ జర్ర్‌మన్న చప్పుడు. దెబ్బకీ దెబ్బకీ మధ్యలో వస్తుంది చూడు. ఏమిటో తెలీదు గానీ, విన్నప్పుడల్లా నా చేతులు దేనికోసమో తడుముకుంటాయి."

తడుముకోవా మరి? ఆ రోజుల్లో అతను ఇక్కడ ట్రాక్ చేస్తుంటే, ఈ గోడవతల గదిలో కూర్చుని రికార్డుల పార్సిళ్ళకు టేపు అంటించింది ఆ చేతులే.

అన్నయ్య తలుపు తోశాడు. "మూడున్నరైంది. నాలుగింటికి ఫైళ్ళు వెళ్ళకపోతే మన వంతు ఇంకొకరికిచ్చేస్తారు. మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి."

"పది నిమిషాలు అన్నయ్యా."

"పది నిమిషాల్లో వాడు ఆకాశంలోంచి ఊడిపడతాడా? ఒరేయ్, నువ్వైనా చెప్పరా దానికి."

"చెప్తూనే ఉన్నాను, తీసెయ్యమని."

"బాగానే చెప్తున్నావ్," అని అతనివంక ఒక క్షణం ఎక్కువే చూసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె జాబితా ముందుకు లాక్కుని, పెన్ను తీసి, పన్నెండో వరుస మీద పెట్టింది. "సరేలే. పదకొండే."

ఆ గొంతులో కోపం లేదు. నెలరోజులుగా విసుగూ తిట్లూ ఎన్ని విన్నా తట్టుకున్నాడు గానీ, ఇది మాత్రం భరించలేకపోయాడు.

"తొమ్మిదేళ్ళుగా ఎవరో నాతోనే మాట్లాడుతున్నట్టుండేది," అందామె. "పిచ్చిదాన్ని."

"అలా వదిలేస్తావేంటి?" అతను అరిచినంత పనిచేశాడు. "నెలంతా నా బుర్ర తిన్నావుగా!"

"నువ్వేగా తీసెయ్యమన్నావ్!"

"నేనంటే మాత్రం? ఎప్పుడైనా నా మాట విన్నావా? ఇవాళే వినాలా?"

"నీకేమైనా పిచ్చా?"

"ఆ పత్రం ఇటివ్వు."

"ఎందుకు?"

"ముందు ఇవ్వు, తల్లీ!"

పత్రంలో నాలుగు గడులున్నాయి. మొదటిది, ట్రాక్ చేసినవారి పేరు. రాశాడు. రెండోది, సంతకం. పెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఆమె అక్షరాలను తలకిందులుగా చదివింది.

"నువ్వా?"

"తర్వాత తిట్టు."

"తొమ్మిదేళ్ళా? ఆ ఫోన్ చేసినవాణ్ణి గంటసేపు ప్రశ్నలడిగాను! నువ్వు పక్కనే కూర్చుని బిస్కెట్లు తింటున్నావ్!"

"చెయ్యి తియ్యి, మూడో గడి కనబడట్లేదు."

మూడో గడి: ఇతరుల శబ్దాలు వాడి ఉంటే, ఎవరివి? అతను ఆమె పేరు రాశాడు. పక్కన, 'పార్సిల్ టేపు, గోడవతల నుంచి' అని చేర్చాడు.

ఆమె ఆ గడి మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ట్రాక్ మాత్రం తన పాటికి తను నడుస్తోంది.

"అడక్కుండా రికార్డు చేశావా?"

"మైకు ఆపడం మర్చిపోయాను. గుర్తొచ్చాక ఆపాలనిపించలేదు."

"అంటే ఇదంతా..."

"నువ్వే. అందుకే చెప్పలేకపోయాను. విసుక్కోకు."

"విసుక్కుంటాను. చచ్చేదాకా విసుక్కుంటాను," అంది. కళ్ళు మాత్రం కాగితం మీంచి లేవలేదు.

నాలుగో గడి ఖాళీగా ఉంది: శబ్దం ఇచ్చినవారి సమ్మతి.

"తేలిందా?" అవతలి నుంచి అన్నయ్య కేక.

అతను పత్రాన్ని ఆమెవైపు తిప్పి, దానిమీద పెన్ను పెట్టాడు.