గూట్లో గుర్రపు నాడా

ఏలీయా మాస్టరును చంపింది తుపాకి ఒక్కటే కాదు, ఒక తాళం కూడా.

టేక్మాల్ బడిలో ఆయన ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం, ఎవరో చప్పుడు చేయకుండా బయటి నుంచి తాళం వేశారు. చాలాసేపటికి రజాకార్ల జీపు వచ్చింది. వాళ్లు తలుపు పగలగొట్టలేదు. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. పని ముగించుకొని మళ్లీ తాళం వేసి, ఆ తాళంచెవిని గుమ్మం ముందు పడేసి వెళ్లిపోయారు.

మరుసటి వానాకాలం నాటికి ఆ తాళంచెవి ఆయన భార్య రాహేలు మెడలో, మంగళసూత్రం ఉండాల్సిన చోట వేలాడుతోంది.

రాహేలు మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగిన పిల్ల. మద్రాసు లేబొరేటరీలో ఆరేళ్లు కోడి పిండాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. ఆ సబ్జెక్టు కూడా అనుకోకుండా దొరికిందే. ఒకరోజు ఇంక్యుబేటర్ రెగ్యులేటర్ చెడిపోయి, వేడి ఎక్కువై గుడ్లన్నీ పాడైపోయాయి. ప్రొఫెసర్ పారేయమన్నాడు. ఆమె పారేయకుండా ఒక్కొక్కటీ పగలగొట్టి చూసింది. వేడి ఏ దశలో తగిలితే కన్ను పోతుందో, ఏ దశలో తగిలితే తలపుర్రె మూసుకోదో తేల్చి థీసిస్ రాసింది. పుట్టినోళ్ల కంటే పుట్టనోళ్లతోనే నీకు దోస్తీ ఎక్కువని ఏలీయా నవ్వేవాడు.

ఆయన పోయాక ఆమె మైక్రోస్కోపు మూతపెట్టి, ఇండియన్ యూనియన్ గూఢచారి శాఖలో చేరింది.

షోలాపూర్‌లో పుస్తకాల దుకాణం వెనక గదిలో ఆమెకు అసైన్‌మెంట్ ఇచ్చినవాడు కృపాదానం. ముందు గదిలో కీర్తనల పుస్తకాలు అమ్ముతాడు, వెనక గదిలో ఏజెంట్లను నడిపిస్తాడు. ఏలీయా కూడా బతికున్నన్నాళ్లు రహస్యంగా ఆయనకే వార్తలు చేరవేసేవాడు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన ఆయుధాలు అమ్ముకునే విదేశీ ముఠా ఒకటి రజాకార్లకు విమానాల్లో సరుకు దించుతోంది. నాయకుడి పేరు డంకన్, అది అసలు పేరు కాకపోవచ్చు. యూనియన్ సైన్యం కదిలాక చివరి విమానం వస్తుంది. అందులో వచ్చేది మంజీర మీది ఆనకట్టను పేల్చే మందుగుండు. అది పేలితే సైన్యం దారి, కింది ఊళ్లు అన్నీ నీళ్లపాలే. మెదక్ టౌన్‌లో ఎక్కడో ఒక ట్రాన్స్‌మిటర్ ఉంది. వానాకాలపు మబ్బుల్లో దాని సిగ్నల్ అందకపోతే పైలట్‌కు దిగే మైదానం దొరకదు.

"ఆ సెట్టు ఎక్కడున్నదో పట్టాలె సిస్టర్," అన్నాడు కృపాదానం.

"తాళం వేసిందెవరో తెలిసిందా అన్నా?"

"ఇంకా తెల్వలె. మెదక్‌ల మన మనిషి ఒకామె ఉన్నది. కోడ్ నేమ్ మైనా. ఆమె గూడ అదే కనుక్కుంటున్నది."

రాహేలుకు ఇచ్చిన మారువేషం ఆమెకు తెలిసిన పనే. కోళ్ల పెంపకం నేర్పే సర్కారు ఇన్‌స్పెక్ట్రెస్. వెంట గుడ్డును పరీక్షించే రేకు డబ్బా ఒకటి. లోపల దీపం వెలిగించి, పైనున్న రంధ్రం మీద గుడ్డు పెడితే అందులో పిండం బతికుందో లేదో తెలుస్తుంది. ఆ డబ్బాకు దొంగ అడుగు ఉంది. దాని కింద పిస్తోలు.

మైనా అసలు పేరు బాలమణి. హైదరాబాదులో గ్రామఫోన్ రికార్డులిచ్చిన గాయని. చర్చి గోపురం కనిపించేంత దూరంలో బంగళా కిరాయికి తీసుకుంది. రజాకార్ల పెద్దలు పాట వినడానికొస్తారు, ఆమె వాళ్ల మాటలు విని షోలాపూర్‌కు చేరుస్తుంది. షిఫాన్ చీర, అత్తరు వాసన, ఎవరినైనా ఇట్టే సొంతం చేసుకునే నవ్వు.

"కోడిని పొదగేసినవా?" అని రాహేలు కోడ్ ప్రకారం అడిగింది.

"ఏసిన, ఇనుముతోటి సహా," అని బాలమణి జవాబిచ్చి, తలుపు మూశాక పకపకా నవ్వింది. "కోడికి ఇనుమెందుకక్కా? గీ కోడ్ ఎవలు పెట్టిండ్రు?"

పొదిగే గుడ్ల దగ్గర ఇనుప ముక్క పెడితే ఉరుముకు గుడ్లు చెడవని ఊళ్లలో నమ్మకమని రాహేలు చెప్పింది. అది వట్టి మూఢనమ్మకమని కూడా చెప్పింది. తర్వాత బాలమణి ఆమె చేతులు పట్టుకొని ఏలీయా మాస్టరు కోసం కన్నీళ్లు పెట్టుకుంది. రాహేలు ఆ కన్నీళ్లను నమ్మింది.

సెట్టు మాత్రం దొరకలేదు. కోళ్ల పేరుతో ఆమె ప్రతి గల్లీ తిరిగింది. ప్రతి పెరడూ, ప్రతి అటకా చూసింది.

దొరకక దొరకక చివరికి అదే నడుచుకుంటూ వచ్చింది, ఆగమ్మ నెత్తిమీద గంపలో.

ఆగమ్మ బాలమణి బంగళాలో వంట చేస్తుంది. గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. లోపల రెండు చచ్చిన పిల్లలు, పొదగని గుడ్లు కొన్ని.

"ఇనుము పెట్టిన, బొగ్గు పెట్టిన. అయినా గిట్లెందుకైనయి డాక్టరమ్మా? నా కోడి మంచిదే. నా మీదనే ఎవల కన్నో పడ్డది."

రాహేలు ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుంది. ఒకటే కన్ను. రెండోదానికి తలపుర్రె మూసుకోలేదు. పొదగని గుడ్లు పగలగొట్టి చూసింది. అన్నింటిలో అదే. చాలా ఏళ్ల కిందట మద్రాసులో తన చేతులతో వరుసగా పేర్చిన పిండాలే మళ్లీ ఎదురొచ్చినట్టుంది. ఇది ఉరుము పని కాదు. మొదటి రోజుల్లోనే ఎక్కువ వేడి తగిలింది.

"కోడిని ఎక్కడ పొదగేసినవవ్వా?"

"సామాన్ల అర్రల గూడున్నది గదా, గండ్ల. పొద్దుగూకితే ఆ గూడు మస్తు ఎచ్చగైతది. వానలు గదాని సూసి సూసి గండ్లనే పెట్టిన. అమ్మగారు ఆ అర్రకు అడుగే పెట్టది, ఆమెకు ఎర్కనే లేదు."

"గూటికి అవతలేమున్నది?"

"అమ్మగారి గ్రామఫోన్ అల్మారా. నడుమ పల్సటి చెక్క."

గ్రామఫోన్ కీ తిప్పితే పాడుతుంది. అది వేడెక్కదు. వేడెక్కేవి వైర్‌లెస్ సెట్టు వాల్వులు.

రాహేలు చచ్చిన పిల్లను మెల్లగా గంపలో పెట్టింది. ఏలీయా ఆ రోజు బడిలో ఉంటాడని తెలిసిన మనిషి, కృపాదానం కాక, మైనా ఒక్కతే. మెడలోని తాళంచెవి ఉన్నట్టుండి బరువెక్కింది. పిస్తోలు ఉన్న డబ్బా చేతికందేంత దూరంలో ఉంది, బంగళా పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. ఆమె లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

షోలాపూర్ నుంచి జవాబు ఆమె అనుకున్నట్టే వచ్చింది. డంకన్ చివరి సరుకు కోసం సముద్రం దాటి వెళ్లాడు, సెట్టు మూగబోయింది. ఇప్పుడు ముట్టుకుంటే ముఠా ఇంకోచోట ఇంకో సెట్టు పెడుతుంది. చివరి విమానం దాకా ఆగాలి. సెట్టు పాడుచేయకూడదు, బాగానే ఉందని వాళ్లు నమ్మాలి.

ఆగడమంటే మూడు వారాలు బాలమణి ఇచ్చిన టీ తాగడం. ఆమె అక్కా అని పిలిస్తే పలకడం. తాళం వేసినవాళ్లు దొరికితే ఏం చేస్తవక్కా అని ఆమె అడిగితే, ఇంకా అనుకోలేదని చెప్పి కప్పు కింద పెట్టడం.

ఆ మూడు వారాల్లో రాహేలు చేసిన పని ఒక్కటే. ఆగమ్మకు మంచి గుడ్లు ఇచ్చి, వాటితో పాటు ఒక బరువైన గుర్రపు నాడా ఇచ్చింది. మొదటి ఇనుము చిన్నదైందని, ఈసారి దీన్ని గూటి వెనక, చెక్కకు ఆనించి పెట్టమని చెప్పింది.

"సదువుకున్నోల్లు గూడ నమ్ముతరా?" అని ఆగమ్మ ఆశ్చర్యపోయింది.

"నమ్ముతరవ్వా."

ట్రాన్స్‌మిటర్ కాయిల్ పక్కన అంత ఇనుము ఉంటే ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది. డయల్ మీద ముల్లు సరిగ్గానే ఉంటుంది. మాట మాత్రం వినాల్సినవాడికి వినబడదు.

సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం సరిహద్దు దాటింది. ఐదో రోజు మధ్యాహ్నం మెదక్ మీద మబ్బులు కమ్ముకున్నాయి. ఆ మబ్బుల పైన ఎక్కడో ఇంజను మోత. రాహేలు రేకు డబ్బా పట్టుకొని బంగళాలోకి నడిచింది. ఆగమ్మను పెరట్లోకి పంపించింది.

గ్రామఫోన్ అల్మారా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రికార్డుల వెనక వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని బాలమణి మోర్స్ కీ కొడుతోంది. పైలట్ మాట ఆమెకు వినబడుతోంది. ఆమె సిగ్నల్ అతనికి అందడం లేదు. మోత దగ్గరికి వచ్చి, గోపురం మీదుగా ఒక చుట్టు తిరిగింది. బాలమణి వాల్వులు చూసింది, వైర్లు చూసింది. చివరికి సెట్టు వెనక పల్చటి చెక్కను ఊడబీకింది.

అవతలి నుంచి కోడి కసిగా గుర్రుమంది. దాని పక్కన గుర్రపు నాడా.

బాలమణికి ఒక్క క్షణంలో అర్థమైంది. చేయి చాపింది. వేళ్లు ఇనుమును తాకాయి.

"చెయ్యి తియ్యి," అంది రాహేలు వెనక నుంచి, పిస్తోలు ఎత్తి. "పొదిగే కోడిని కదిలియ్యొద్దు."

ఇంజను మోత మరో చుట్టు తిరిగింది. సన్నగిల్లింది. పడమటికి పోయి మబ్బుల్లో కలిసిపోయింది.

బాలమణి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. చేతిమీద కోడి పొడిచిన చోట రక్తం. 

"నేనే ఏసిన తాళం," అంది చివరికి. "జీపు రావడం ఆలస్యమైతదని నాకు తెల్వదక్కా."

"లోపలికెల్లి ఎంతసేపు పిలిచిండు?"

బాలమణి రెండు చేతులతో చెవులు మూసుకుంది. అదే జవాబు.

రాహేలు గదిలోంచి వరండాలోకి వచ్చి తలుపు మూసింది. మెడలోని తాళంచెవి ఈ తాళానికి పట్టదు. బంగళా తాళం ఆగమ్మ గోడకు తగిలించి ఉంచుతుంది, దాన్నే వేసింది. వరండాలో గుడ్ల బుట్ట ముందు పెట్టుకొని కూర్చుంది. లోపలి నుంచి మొదట తలుపు తట్టిన చప్పుడు, తర్వాత పిలుపు. అక్కా, అక్కా అని. కిటికీకి ఇనుప ఊచలున్నాయి.

జీపు వచ్చింది. సరుకు ఏర్పాటు చేసి తాను ముందే తిరిగొచ్చి, మైదానంలో ఖాళీ ఆకాశం చూసి చూసి వచ్చిన డంకన్ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. సిగ్నల్ ఎందుకు రాలేదో అతనికి ఒకే కారణం తోచింది. బాలమణి రెండు వైపులా పనిచేస్తుందని అతనికి ముందు నుంచీ అనుమానమే. కోళ్ల ఇన్‌స్పెక్ట్రెస్ వైపు సరిగా చూడనైనా చూడలేదు. తాళంచెవి అడిగాడు.

రాహేలు ఇచ్చింది.

లోపల ఒక్క తుపాకి మోత. బయటికి వచ్చి జీపు స్టార్ట్ చేయబోయి, గోపురం పక్క రోడ్డు మలుపు తిరుగుతున్న యూనియన్ సాయుధ కారును చూశాడు డంకన్. కారు ముందు సీట్లో కృపాదానం. రాహేలు లేచి చేయెత్తి చూపించింది. లోపలికి పోయి వచ్చిన ఆ కాసేపు లేకపోతే డంకన్ దొరికేవాడు కాదు.

సాయంత్రం కృపాదానం రిపోర్టు కోసం కూర్చున్నాడు. సెట్టు బాగానే ఉంది గదా, సిగ్నల్ ఎట్ల పోలేదని అడిగాడు. గదికి తాళం ఎవరు వేశారని అడగలేదు. ఆమె మెడలో తాళంచెవి లేకపోవడం అతడు గమనించాడు. అది ఆ గది గుమ్మం ముందు ఎందుకు పడి ఉందనీ అడగలేదు.

ఆమె చెప్పబోతుండగా ఆగమ్మ గంపతో వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి, అయినా గంప మీది గుడ్డ తీసి చూపించింది. పసుపుపచ్చని కోడిపిల్లలు, అన్నింటికీ రెండేసి కళ్లు. మూడు వారాలు సెట్టు మూగగా ఉండబట్టి గూడు వేడెక్కలేదని రాహేలుకు తెలుసు.

"జూసినవా డాక్టరమ్మా," అంది ఆగమ్మ. "ఇనుము మంచిగ పెడితె ఏ ఉరుమూ ఏం జెయ్యది."

పిండాల మీద డాక్టరేటు తీసుకున్న రాహేలు, కృపాదానం వైపు తిరిగి, రిపోర్టులో అదే రాసుకోమని చెప్పింది.