కోడి కింద నాలుగు గుడ్లు

"ఒక్కసారి తీసి చూపించవే! ఒకే ఒక్కసారి," అన్నాడు కళ్ళజోడు.

శనివారం మధ్యాహ్నం. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి, నాన్న ఎవరింట్లోనో ఫ్యాన్లు బిగించడానికి వెళ్ళారు. వెనక గదిలో బల్ల మీద నాన్న తయారుచేసిన థర్మకోల్ పెట్టె ఉంది. లోపల ఒక బల్బు, పాత కంప్యూటర్‌లోంచి పీకిన చిన్న ఫ్యాను, ఒక మూల తడి స్పాంజి, మధ్యలో ఆరు బాతు గుడ్లు. మూత మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద నాన్న ఎర్ర పెన్నుతో "తీయొద్దు" అని ఇంత లావు అక్షరాలు రాశాడు.

గోరింక ఆ కాగితం వైపు చూసింది. ఆ పిల్ల అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రమే ఉంది. లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని అందరూ గోరింక అనే పిలుస్తారు. కళ్ళద్దాలు పెట్టుకునే ఈ స్నేహితుడికీ అలాగే కళ్ళజోడు అనే పేరు పడింది; ఇద్దరిదీ ఒకే క్లాసు.

"చివరి మూడు రోజులూ మూత తీయకూడదట. నాన్న చెప్పాడు."

"ఎందుకట?"

ఎందుకో నాన్న చెప్పాడు. గోరింకే సగం విని సగం వదిలేసింది. "ఏదో తేమ పోతుందట," అంది.

"ఒక్క నిమిషంలో ఎక్కడికి పోతుందే?"

అదీ నిజమే కదా అనిపించింది గోరింకకు. అయినా ఆ గుడ్లకు చాకిరీ చేసింది ఎవరు? ఇరవై అయిదు రోజుల పాటు రోజుకు మూడుసార్లు తిప్పింది తనే. ఏ గుడ్డు ఎటు తిప్పిందో తెలియడానికి ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెట్టింది తనే. ఒకరోజు బడికి ఆలస్యమై టీచరు చేత చీవాట్లు కూడా తింది. అంత చేసి, పిల్లలు బయటికొచ్చే ముందు కాస్త చూసుకోకూడదా? మూతలో అద్దం ముక్క ఉంది కానీ, దానికి ఆవిరి పట్టి లోపల ఏమీ కనిపించడం లేదు.

మూత తీసింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. మూడు గుడ్ల మీద చిన్న చిన్న పగుళ్ళు. ఒక గుడ్డులోంచి "కీచ్" మని వినిపించింది.

"అబ్బ! లోపలుండే అరుస్తోంది!" కళ్ళజోడు గెంతాడు.

మూత పెట్టారు. అరగంట పోయాక మళ్ళీ తీశారు. ఇంకో అరగంటకు మూడోసారి తీశారు. ఈసారి ఒక గుడ్డుకు బఠాణీ గింజంత కన్నం పడింది. అందులోంచి ముక్కు కొస ఆడుతోంది.

"పాపం, రాలేకపోతోంది. సాయం చేద్దాం," అని గోరింక గోటితో చిన్న పెంకు ముక్కను లాగింది. దాంతోపాటు లోపలి తెల్లటి పొర కూడా చిరిగింది. అక్కడ ఎర్రగా ఒక రక్తపు చుక్క ఊరింది.

గోరింక చెయ్యి వెనక్కి లాక్కుంది. గబుక్కున మూత పెట్టేసింది. కళ్ళజోడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి అద్దం మీద ఆవిరంతా పోయింది. ఇప్పుడు లోపల అంతా స్పష్టంగా కనిపిస్తోంది. ఇది మంచికే కాబోలు అనుకుంది ఆ పిచ్చిపిల్ల.

సాయంత్రం నాన్న వచ్చి చూడగానే మొహం చిట్లించాడు. "అరే, అద్దం ఇలా ఎండిపోయిందేంటి? స్పాంజికి నీళ్ళు పోయడం మరిచిపోయానా?" అని తల కొట్టుకుని, పెట్టె పక్కనున్న సన్న గొట్టంలోంచి గబగబా నీళ్ళు పోశాడు. "నా మతిమరుపు తగలెయ్య!"

'నువ్వు కాదు నాన్నా' అనాలి.  రోజంతా వాగే పిల్లకు ఆ మూడు మాటలకు నోరు పెగల్లేదు.

ఆదివారం పొద్దున ఒక గుడ్డులోంచి అరుపు వినిపించింది. మధ్యాహ్నానికి అదీ లేదు.

సోమవారం సాయంత్రం పక్కింటి కుట్టు అత్త వచ్చింది. టైలరు కాబట్టి ఆమె మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఆ గుడ్లు ఆమె బాతువి. ఆ బాతు గుడ్లు పెట్టేదే కానీ పొదిగేది కాదు. అందుకే అత్త ఆరు గుడ్లు నాన్న పెట్టెలోకి తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాతి వారంలో బాతు ఇంకో నాలుగు పెట్టింది. అయిదో రోజు కంచె కింద నుంచి కుక్క దూరి బాతును చంపేసింది. ఆ నాలుగు గుడ్లను రెండిళ్ళ అవతల ఉండే బేకరీ మామయ్య తన కోడి కింద పెట్టాడు. ఇక అత్త పెరట్లో మిగిలింది మగ బాతు ఒక్కటే. పొద్దస్తమానం కంచె దగ్గర నిలబడి జత కోసం అరుస్తూ ఉంటుంది.

నాన్న నేల మీద న్యూస్ పేపరు పరిచి, గుడ్లను ఒక్కొక్కటే పగలగొట్టాడు. అన్నిట్లోనూ పిల్లలున్నాయి. పసుపుపచ్చటి నూగుతో, చిన్న చిన్న కాలివేళ్ళతో పూర్తిగా తయారైన పిల్లలు. లోపలి పొర ఎండిపోయి, తడిసి ఆరిన కాగితంలా వాటి ఒంటికి అతుక్కుపోయింది. కదలడానికి వీల్లేక ఉన్నవి ఉన్నట్టే చచ్చిపోయాయి.

అయిదో గుడ్డు కన్నం దగ్గర నల్లగా ఎండిన రక్తపు మరక ఉంది. నాన్న దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. 

"చాలన్నయ్యా, కట్టేయండి. నేను చూడలేను," అంది అత్త అటు తిరిగి.

"నేనే నీళ్ళు చూసుకోలేదు చెల్లెమ్మా. క్షమించు," అన్నాడు నాన్న పేపరు మడుస్తూ.

"కాదులే అన్నయ్యా. నీళ్ళు తగ్గితే ఒకటో రెండో పోతాయి కానీ ఆరూ పోతాయా? అది ముసలి బాతు. దాని గుడ్లలోనే బలం లేదు." అత్త టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది. "బేకరీ తమ్ముడి కోడి మూడు వారాలుగా సరిగ్గా తినకుండా వాటి మీద కూర్చుంది. ఎముకలు తేలిపోయాయి. చివరికి అవీ ఇలాగే పోయేటట్టయితే దాన్నెందుకు మాడ్చడం? రేపు పొద్దున్నే తీసి పారేస్తాను. మగ బాతును కూడా ఎవరికైనా ఇచ్చేస్తే సరి."

గోరింక గోడకు ఆనుకుని నిలబడింది. ఆ నాలుగు గుడ్లలో ఏ లోపమూ లేదని ఆ గదిలో తెలిసింది తనొక్కదానికే. అత్త చెప్పులు వేసుకుంది, గేటు దాటింది. గోరింక గోడ దగ్గరే ఉండిపోయింది.

మంగళవారం పొద్దున ఒక కాలికి సాక్సు తొడుక్కుంటూ ఉండగా అత్త గేటు చప్పుడైంది. గోరింక రెండో సాక్సు అక్కడే పడేసి పరుగెత్తింది.

బేకరీ మామయ్య ఇంటి పక్క సందులోంచి వెళ్తే పెరడు. సందు చివర ఆగిపోయింది. మామయ్య మోచేతుల దాకా మైదాపిండితో, కోడిని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. అది ఈకలన్నీ నిక్కబొడుచుకుని అతని చేతిని పొడుస్తోంది. అత్త కోడి పొదిగే గంపలోకి వంగింది. పక్కన బకెట్టు ఉంది.

'ఇప్పుడు చెప్పాలి,' అనుకుంది గోరింక. 'ఎలా మొదలుపెట్టాలి? నాన్నకు తెలిస్తే? అత్త తిడితే?'

అలా అనుకుంటూ నిలబడ్డ ఆ కాస్తలోనే బకెట్టులో టప్‌మని చప్పుడైంది.

"వద్దత్తా!" గోరింక ఒక్క కేక పెట్టింది. "పారేయొద్దు! గుడ్లది తప్పు కాదు. నాన్నదీ కాదు. మూత నేను తీశాను. మూడుసార్లు తీశాను. ఒకదాని పెంకు కూడా లాగాను. నేనే చంపేశాను!"

 కోడి పొడవడం మానేసింది. అత్త బకెట్టులోకి చూసింది. గోరింకా చూసింది. పగిలిన పెంకుల మధ్య తడితడిగా ఏదో కదిలింది. కాసేపే. తర్వాత కదల్లేదు.

"బలంగానే ఉంది," అంది అత్త చాలా నెమ్మదిగా.  "నిన్న చెప్పి ఉంటే ఇది బతికేది కదే."

అత్త తిట్టి ఉంటే బాగుండును అనిపించింది గోరింకకు. ఏడుపు ముంచుకొచ్చింది. మామయ్య కోడిని మెల్లగా గంపలో దించాడు. అది ముక్కుతో మూడు గుడ్లనూ పొట్ట కిందికి లాక్కుని, నాలుగోదాని కోసం కాసేపు గడ్డిలో వెతికింది.

సాయంత్రం గోరింక నాన్నకూ అంతా చెప్పింది. నాన్న కొట్టలేదు. "మూడు రోజుల నుంచి నన్ను నేను తిట్టుకుంటుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావమ్మా?" అని మాత్రం అడిగాడు. 

మర్నాటి నుంచి రోజూ పొద్దున బడికి వెళ్ళే ముందు గోరింక మామయ్య పెరటికి వెళ్ళేది. కోడి రోజుకు ఒకసారే, పది నిమిషాలు గూడు దిగుతుంది. అప్పటికి గింజలు, నీళ్ళు సిద్ధంగా పెట్టేది. కాకులు రాకుండా గంప పక్కన నిలబడేది. అత్త ఎదురుపడినా పలకరించేది కాదు. గోరింకకు ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేదు.

ఆదివారం పొద్దున కోడి గూడు దిగలేదు. దాని పొట్ట కింద నుంచి సన్నగా "కీచ్" మని వినిపించింది.

మామయ్య వెళ్ళి కబురు చెప్పినట్టున్నాడు, అత్త వచ్చింది. గోరింక పక్కనే గొంతుక్కూర్చుంది కానీ పలకరించలేదు. ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. అరుపు వినిపించింది. ఆగింది. చాలాసేపు మళ్ళీ రాలేదు.

అత్తకు నిమిషమొక యుగంలా ఉంది.  "పొర ఎండిపోయిందేమో," అని తనలో తను గొణుక్కుంటూ, కోడి రెక్క ఎత్తి చూద్దామని చెయ్యి చాచింది.

గోరింక ఆ చేతిని పట్టుకుంది. "వద్దత్తా."

అత్త తిరిగి చూసింది.

"నాకూ చూడాలనే ఉంది," అంది గోరింక.  "చచ్చిపోతున్నాయేమోనని భయంగా కూడా ఉంది. కానీ కోడి లేచేదాకా తీయొద్దు."

అత్త చాలాసేపు ఆ పిల్ల మొహంలోకే చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఎండ గోడ దిగి గంప దాకా వచ్చింది. మధ్యాహ్నం కోడి తనంతట తానే కాస్త పక్కకు జరిగింది. కింద తడిసిన నూగుతో ఒక పిల్ల బోర్లా పడి ఊపిరి తీస్తోంది. రెండో గుడ్డుకు బఠాణీ గింజంత కన్నం, అందులో ముక్కు కొస. మూడోదాని మీద చిన్న పగులు కూడా లేదు. కోడి మళ్ళీ మూడింటినీ కప్పేసింది.

"ఆ రెండోది బయటికి రాగలదంటావా?" అని అడిగింది అత్త. అయిదు రోజుల తర్వాత ఆమె గోరింకతో మాట్లాడిన మొదటి మాట అది.

"తెలీదత్తా."

గోరింక రెండు అరచేతులనూ తొడల కింద పెట్టి, వాటి మీద గట్టిగా కూర్చుంది.